వెనక పడవ

గొడుగాయన ఆ ఇంట్లో అడుగుపెట్టగానే, దారి పొడుగునా సిద్ధం చేసుకున్న ప్రశ్నలన్నీ మరిచిపోయాడు.

రోడ్డు వైపు నుంచి చూస్తే అది మామూలు ఇల్లే. ఇరుకు గుమ్మం, చెప్పుల అర, చెత్తబుట్ట, గోడకు కరెంటు మీటరు. వంటగది దాటి హాల్లోకి వచ్చేసరికి మాత్రం ఎదురుగా గోడన్నదే లేదు. గోడంత అద్దం తలుపు, దాని అవతల రాతి మెట్లు, ఆ మెట్ల కింద ఎకరాలకొద్దీ పరుచుకున్న సరస్సు. దాని చుట్టూ చంద్రవంకలా వంపు తిరిగి ఇళ్లు. ఏ ఇల్లూ మరో ఇంటికి అడ్డం రాలేదు, ఏ కిటికీ మరో కిటికీలోకి తొంగిచూడలేదు. ఇదంతా ఒక మనిషి కాగితం మీద గీసి, బీడు నేలలో తవ్వించి, సముద్రపు ఆటుపోట్లు తాకే బయటి ఏటిలోంచి తూము గుండా నీళ్లు రప్పించి తయారుచేశాడంటే నమ్మబుద్ధి కాలేదు. ఇంత అందాన్ని ఇంటి వెనక దాచుకున్నారేమిటా అనుకున్నాడాయన.

ఆ మనిషే ఇప్పుడు కనిపించడం లేదు. కాలనీ అంతా పెద్దాయన అని పిలిచే ఆ ప్లాను గీసిన ఇంజినీరు, నిన్న పొద్దున ఇంట్లోంచి వెళ్లి తిరిగి రాలేదు. సాయంత్రానికి ఆయన చిన్న పడవ సరస్సు మధ్యలో బోర్లా తేలుతూ కనిపించింది. గజ ఈతగాళ్లు దిగి వెతికారు గాని ఏమీ దొరకలేదు. ఇవాళ తెల్లవారుజామున ఆటు మొదలవుతూనే తూము తలుపు ఎత్తి సరస్సును ఖాళీ చేయిస్తున్నారు. నీళ్లు అప్పటికే సగానికి పైగా దిగిపోయాయి. ఎప్పుడూ నీళ్లకింద ఉండే మెట్లు పచ్చటి నాచుతో బయటపడి మెరుస్తున్నాయి. కాలనీ కాలనీ అంతా ఆ మెట్ల మీద నిలబడి, కళ్లప్పగించి అడుగు కోసం చూస్తోంది.

గొడుగాయనకు కూడా అసలు పేరొకటి ఉంది గాని అది ఆయన భార్యకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎండైనా వానైనా చంకలో నల్ల గొడుగు ఉండాల్సిందే. దాన్ని విప్పగా చూసినవాడు మాత్రం లేడు. పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టినప్పటి నుంచి ఆయన గురించి జనం ఎన్నో చెప్పుకుంటారు. అందులో సగం అబద్ధాలు, మిగతా సగం ఆయన పుట్టించినవి.

ఆయన్ని పిలిపించింది పెద్దాయన కూతురు. పళ్ల డాక్టరు, మూడిళ్ల అవతల కాపురం. రాత్రంతా ఏడ్చినట్టు కళ్లు వాచిపోయి ఉన్నాయి గాని మాట మాత్రం తొణకలేదు. నాన్న బతికే ఉన్నాడని తన నమ్మకమనీ, ఆ మాట వినే మనిషి కావాలనీ చెప్పింది.

"ఎందుకమ్మా ఆ నమ్మకం?" అని అడిగాడు గొడుగాయన.

"ఈ నీళ్లు ఆయన్ని చంపవు సార్. ఆయన వీటిని పెంచాడు."

అది సాక్ష్యం కాదు. అయినా గొడుగాయన ఆ మాటను కొట్టిపారేయలేదు. ఆఖరిసారి నాన్నతో ఎప్పుడు మాట్లాడావని అడిగాడు. నిన్న పొద్దున క్లినిక్‌లో ఒకాయనకు పన్ను తొలుస్తుండగా ఫోనొచ్చిందట. రెండు చేతులూ ఖాళీ లేక స్పీకర్ పెట్టమని నర్సుకు చెప్పిందట. తొలిచే యంత్రం హోరులో ఆ మాట మీద సరిగా మనసు పెట్టలేదని చెప్పి, ఆ సంగతి తలచుకుని పెదవి కొరుక్కుంది.

"పోలీసులకేం చెప్పావు?"

"పడవలో వెళ్తున్నానన్నాడని చెప్పాను."

"ఆయన అన్న మాటలు ఆయన అన్నట్టే చెప్పు. నీ మాటల్లో వద్దు."

ఆమె కళ్లు మూసుకుంది. "'అమ్మడూ, నేను వెనక పడవలో ఉన్నాను, కంగారు పడకు' అన్నాడు. అంతే. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, నిన్నెందుకో మాట కూడా కాస్త తడబడింది."

"తడబడిందంటే?"

ఆమె జవాబు చెప్పేలోపే అద్దం తలుపు జరిగింది, దాని వెంట బూట్ల చప్పుడు లోపలికొచ్చింది. వచ్చినవాడు ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు. గొడుగాయన భార్యకు స్వయానా తమ్ముడు. చిన్నప్పుడు అతనికి సైకిలు నేర్పింది ఈ బావే. ఆ సైకిలు మీంచి పడ్డప్పుడు పడీ పడీ నవ్విందీ ఈ బావే. బావమరిదికి ఆ రెండోదే బాగా గుర్తుండిపోయింది.

"వచ్చావా బావా? ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇన్‌స్పెక్టరు గారు కబురు చేయలేదు కదా, అందుకే ఆలస్యమైంది."

"ఇందులో డిటెక్షన్ ఏముంది? పెద్ద వయసు, ఒంటరిగా పడవెక్కాడు, తూలి పడ్డాడు. మధ్యాహ్నానికి అడుగు తేలుతుంది. శవం అదే..."

"ఆ పిల్ల ఇక్కడే ఉంది" అన్నాడు గొడుగాయన. గొంతు పెంచలేదు గాని ఇన్‌స్పెక్టరు నోరు మూసుకుని, పళ్ల డాక్టరు వైపు చూడలేక టోపీ సరిచేసుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అతని తప్పు అతనికి తెలిస్తే చెయ్యి తల మీదికే పోతుంది.

ముగ్గురూ మెట్ల మీదికి వచ్చారు. గొడుగాయన ముందుగా చూసింది నీళ్లను కాదు, నేలను. అద్దం తలుపు పక్కన ఒక జత రబ్బరు చెప్పులు బుద్ధిగా పక్కపక్కనే ఉన్నాయి. వంగి తడిమాడు. దుమ్ముపట్టి, పొడిగా ఉన్నాయి. పడవెక్కేటప్పుడు నాన్న వేసుకునేవి అవేనని కూతురు చెప్పింది. తోలు చెప్పులు రోడ్డు వైపు అరలో ఉంటాయంది. గొడుగాయన మళ్లీ ఇల్లంతా దాటి వెళ్లి చూసొచ్చాడు. ఆ అరలో ఒక జత పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

"తోలు చెప్పులతో పడవెక్కాడంటావా?" అన్నాడు బావమరిదితో.

"మరిచిపోయి ఉంటాడు. నువ్వు అక్క చెప్పులేసుకుని మా ఆఫీసుకు రాలేదా ఒకసారి?"

అది నిజమే గనక గొడుగాయన ఆ సంగతి అక్కడితో వదిలేసి మెట్లు దిగసాగాడు. నీళ్లు వదిలిపోయిన మెట్టు మీద గొడుగు ఊతగా ఆనిస్తే దాని మొన రాయి సందులోకి దిగబడిపోయింది. మెట్టుకూ ఇంటి పునాది గోడకూ మధ్య సన్నటి పగులుంది. అంచులు తెల్లగా, కొత్తగా ఉన్నాయి. గొడుగును లాగుతుంటే ఇన్‌స్పెక్టరు చూసి నవ్వాడు. "జాగ్రత్త బావా, అది పోతే నిన్నెవరూ గుర్తుపట్టరు."

అప్పుడే కంపెనీ మేనేజరు వచ్చాడు. ఈ కాలనీని కట్టి, ఇప్పటికీ తూమునూ రోడ్లనూ చూసుకుంటున్న కంపెనీ అది. ఆఫీసు రోడ్డు మీద పెద్ద గేటు పక్కనే ఉంది. మేనేజరు రోజూ నగరం నుంచి కారులో వచ్చి కారులో పోతాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, మెత్తటి గొంతు. చల్లటి మంచినీళ్ల సీసాలు మనిషికొకటి తనే పంచుతున్నాడు. సరస్సు ఖాళీ చేద్దామన్న ఆలోచన ఎవరిదని అడిగితే ఇన్‌స్పెక్టరు అతన్నే చూపించాడు. అడగకముందే అన్నీ అమర్చిపెట్టే మనిషని మెచ్చుకున్నాడు కూడా.

మేనేజరు నిట్టూర్చాడు. "ఎన్నిసార్లు చెప్పానో సార్, ఈ వయసులో ఇలా వెనక్కి ఒంటరిగా రావద్దని. రోజూ ఈ వెనక మెట్లకే కదా పడవ కట్టుకునేది."

పళ్ల డాక్టరు అతనిచ్చిన సీసా అందుకోలేదు. మేనేజరు అటు వెళ్లాక గొడుగాయనకు సంగతి చెప్పింది. సరస్సులో సగం పూడ్చి ఇంకో వరస ఇళ్లు కట్టాలని కంపెనీ పట్టుబడుతోందట. కాలనీవాళ్లందరినీ కూడగట్టి అడ్డుపడింది నాన్నేనట. తను బతికుండగా ఆ తూము మీద ఇంకొకరు చెయ్యి వేయడానికి వీల్లేదని మొన్ననే మేనేజరు మొహం మీద చెప్పాడట.

"విన్నావా?" అన్నాడు గొడుగాయన.

"విన్నాను. గొడవలు ప్రతి కాలనీలోనూ ఉంటాయి. దానికే మనుషుల్ని ముంచేస్తారా? పైగా ఆయన రాత్రి ఇంటికి కూడా పోకుండా ఆఫీసులోనే ఉన్నాడు, మా వాళ్లే చూశారు."

"ఆ ఆఫీసు దగ్గర జనరేటరు హోరెత్తిస్తోంది. కరెంటు పోయిందా ఇక్కడ?"

ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగి ఇంట్లోకి చూశాడు. హాల్లో ఫ్యాను హాయిగా తిరుగుతోంది. ఒక్క క్షణం అతని మొహంలో ఏదో కదిలింది గాని బావ ముందు ఒప్పుకోవడం ఇష్టం లేదు. మధ్యాహ్నానికి అడుగు తేలాక కేసు మూసేస్తాననీ, ఆలోపు ఎన్ని జనరేటర్లు కావాలంటే అన్ని లెక్కపెట్టుకోమనీ చెప్పి కిందికి దిగిపోయాడు.

గొడుగాయన అక్కడే నిలబడిపోయాడు. కింద దిగుతున్న నీటిలోంచి ఒక్కో ఇంటి మెట్లూ అదే వంపులో, అదే కొలతతో లోపలికి సాగుతూ కనిపిస్తున్నాయి. ఎవరూ ఎన్నటికీ చూడని చోట కూడా ఆ మనిషి రాతిని చెక్కించి, అంచులు గుండ్రం చేయించాడు. నీళ్లలో కాలు పెట్టే పిల్లలకు గీసుకోకూడదని కాబోలు. వృత్తిలో ఎన్నో తెలివైన బుర్రల్ని చూశాడు గాని అవన్నీ ఏదో ఒకటి దాచడానికి పనిచేసినవి. ఇది అలాంటిది కాదు. ఈ మనిషిని బతికుండగా ఒక్కసారి చూడాలి అనిపించింది. కేసు కోసం కాదు, ఊరికే ఎదురుగా కూర్చుని చూడటానికి.

పక్కింట్లో ఉండేది లెక్కల టీచరమ్మ. ఉద్యోగంలోంచి దిగిపోయి చాలా కాలమైనా గొంతులో బెత్తం ఇంకా దిగలేదు. నిన్న పొద్దున ఆవిడేమైనా చూసిందేమోనని గొడుగాయన మెట్ల మీంచే పక్కకు నడిచి, ఆవిడ అద్దం తలుపు తట్టాడు. ఆవిడ లోపలి నుంచి రెండు చేతులతో గుంజింది. తలుపు జానెడు జరిగి ఆగిపోయింది.

"పొద్దుటి నుంచీ పట్టేసిందండీ, ఎంత లాగినా రావడం లేదు. వెనక నుంచి రండి" అని సందులోంచి చెప్పింది.

గొడుగాయన వెనక్కి తిరిగి చూశాడు. వెనకంతా నీళ్లు, బురద. ఎటు రమ్మంటోందో అర్థంకాక అక్కడే నిలబడ్డాడు.

"అటేం చూస్తున్నారు? వెనక నుంచండీ, రోడ్డు మీంచి."

ఆయన చుట్టూ తిరిగి రోడ్డు మీదికి వచ్చి, చెప్పుల అర పక్క గుమ్మంలోంచి లోపలికి వెళ్లాడు. టీచరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, తప్పు చేసిన విద్యార్థిని చూసినట్టు చూసింది.

"కొత్తవాళ్లంతా చేసే పొరపాటే మీదీనూ. ఈ ఇళ్లకు మొహం నీళ్లు. రోడ్డు మాకు వెనక. నీళ్లను వెనక అంటే పెద్దాయనకు ఒళ్లు మండుతుంది. కొత్తగా దిగినవాళ్లు అలా అంటే నలుగురిలో నిలబెట్టి దిద్దుతాడు. మొహాన్ని పట్టుకుని వీపంటే ఎవరికి మాత్రం కోపం రాదు?"

గొడుగాయన చేతిలోంచి గొడుగు జారి నేల మీద పడింది. తీసుకోవాలని కూడా తోచలేదు.

"అమ్మా, పెద్దాయన తనే ఎప్పుడైనా నోరు జారి నీళ్లను వెనక అంటాడా?"

"ఆయనా? నిద్రలో కూడా అనడు."

"ఆయన కూతురుకు ఫోను చేసి వెనక పడవలో ఉన్నానన్నాడు."

టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. వెనక రోడ్డు కదా, రోడ్డు మీద పడవలెందుకుంటాయంది. పాపం పెద్ద వయసు, మతి తప్పిందేమోనంది. నాన్న మాట తడబడిందని కూతురు చెప్పింది కూడా గుర్తొచ్చి, గొడుగాయనకు వచ్చిన ఉత్సాహం వచ్చినట్టే నీరుగారింది.

టీచరమ్మ కళ్లొత్తుకుంది. "ఎంత కష్టపడ్డాడండీ ఆయన. ఇదంతా ఉత్త బీడు. ఏనుగు ఒక్కొక్క మూరే తవ్వుకుంటూ పోతుంటే, ఆయన పగలంతా దాని మీదే నిలబడేవాడు."

"ఏనుగు తవ్వడమేమిటి?"

"గేటు దగ్గర దిమ్మె మీద లేదూ, బూడిద రంగుది? దాన్ని చూడకుండా లోపలికెలా వచ్చారు? బురద తోడే పడ..."

మాట ఆవిడ నోట్లోనే ఆగిపోయింది. ఆ ఇనప పడవ తొండంలాంటి గొట్టాన్ని చూసి మొదట పిల్లలు ఏనుగన్నారు. పెద్దలకూ అదే అలవాటైంది. పని అయిపోయాక కంపెనీ దాన్ని గేటు దగ్గర అలంకారంగా నిలబెట్టి చుట్టూ పూలమొక్కలు నాటింది. అందరూ రోజూ దాని పక్కనుంచే వస్తూ పోతూ, అదొక పడవన్న సంగతే మరిచిపోయారు. మరవనివాడు ఒక్కడే.

లెక్కల టీచరమ్మ అంత వయసులో అలా పరిగెత్తడం ఆ కాలనీ ఎప్పుడూ చూసి ఉండదు. అప్పుడు కూడా చూడలేదు. అందరూ అటు ముందు వైపు, దిగిపోతున్న నీళ్లను చూస్తున్నారు.

గొడుగాయన ఇన్‌స్పెక్టరును మాట్లాడనివ్వకుండా చొక్కా పట్టుకుని లాక్కొచ్చాడు. దారిలోనే రెండు ముక్కల్లో చెప్పాడు. నీళ్లను వెనక అనేవాళ్లు ఇవాళ ఈ కాలనీలో ఎవరెవరు? నువ్వు, నేను, నీ కానిస్టేబుళ్లు, ఆ మేనేజరు. మనమంతా నిన్న సాయంత్రం తర్వాత వచ్చినవాళ్లం. నిన్న పొద్దున ఇక్కడున్నది ఆ మేనేజరొక్కడే. ఇన్‌స్పెక్టరు ఇంక చొక్కా విడిపించుకోలేదు. కబురు తెలిసి కూతురు చెప్పుల్లేకుండా రోడ్డు మీద పరిగెత్తుకొస్తోంది.

ఆఫీసు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల ఎవరూ లేరు. జనరేటరు చెవులు పగిలేలా మోగుతూనే ఉంది. దాని పక్కనే, ఎండలో సెగలు కక్కుతూ ఏనుగు. గొడుగాయన జనరేటరు ఆపాడు. ఉన్నట్టుండి అంతటా నిశ్శబ్దం కమ్మింది. ఆయన గొడుగు పిడితో ఇనప పొట్ట మీద కొట్టి, చెవి ఆనించాడు. ఇనుము చురుక్కుమంది. అయినా చెవి తీయలేదు.

లోపలి నుంచి, చాలా నెమ్మదిగా, ఎవరో తిరిగి కొట్టారు.

తాళం కొత్తది. కానిస్టేబులు గడ్డపారతో విరగ్గొట్టాడు. పైమూత ఎత్తితే కొలిమి తెరిచినట్టు వేడిగాలి కొట్టింది. ఇన్‌స్పెక్టరే లోపలికి దిగి, పెద్దాయన్ని పసిబిడ్డలా భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. పల్చటి మనిషి. పెదవులు పగిలిపోయాయి. కాళ్లకు తోలు చెప్పులున్నాయి. పూలమొక్కల పక్కన పడుకోబెడితే ఎండకు కళ్లు తెరవలేకపోయాడు. గొడుగాయన గొడుగు విప్పి ఆయన మొహానికి అడ్డం పట్టాడు. అది తెరుచుకుంటుందని బావమరిదికి తెలిసింది ఆరోజే.

కూతురు గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగించింది. పెద్దాయనకు మొదట వచ్చిన మాట, "ఎవరు విన్నారు?"

"ఫోనులో విన్నది నేనే నాన్నా. వినీ అర్థం చేసుకోలేదు" అని ఆమె బావురుమంది.

ఆయన పగిలిన పెదవులతోనే నవ్వాడు. మాట్లాడదామని ఆఫీసుకు పిలిచి, ఏనుగుకు తుప్పు పడుతోంది చూడమని లోపలికి దింపి, పైనుంచి గొళ్లెం పెట్టాడట మేనేజరు. సాయంత్రం దాకా ఎవరూ వెతక్కుండా మూత సందులోంచి ఫోను అందించి, కూతురికి ఏం చెప్పాలో కూడా తనే చెప్పాడట. అలా చెబితేనే నీళ్లసీసా లోపలికి వేస్తానన్నాడట.

"వెనక పడవలో ఉన్నానని చెప్పమన్నాడు. వాడి ఉద్దేశం ముందు పడవ. నేను ఒక్క అక్షరం మార్చలేదమ్మడూ, నవ్వొచ్చి గొంతు తడబడింది గాని."

ఇనప పొట్టలో పడి, చావు ఎదురుగా ఉండగా, తనను బంధించినవాడి నోటితోనే తన చిరునామా చెప్పించుకున్నాడు ఈ మనిషి. గొడుగాయన రెండో చెయ్యి కూడా వేసి, గొడుగు నీడను ఆయన మొహం మీద నిలిపి పట్టుకున్నాడు.

పెద్దాయన తల తిప్పి చుట్టూ చూశాడు. "ఇంత గొడవ జరుగుతుంటే మనుషులేరి?"

"అందరూ ముందు మెట్ల మీద ఉన్నారు నాన్నా. నీకోసం సరస్సు ఖాళీ చేయిస్తున్నారు."

పెద్దాయన మొహంలో నవ్వు ఆరిపోయింది. లేవబోయి పడిపోతుంటే ఇన్‌స్పెక్టరు పట్టుకున్నాడు.

"ఎంత దిగింది?"

"అడుగున బురద కనిపిస్తోందండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అయ్యో, నన్ను దాచింది అందుకా." ఆయన గొంతు గుసగుసలా ఉంది. "వెనక మట్టి తోస్తుంటే ముందు నీళ్లు ఆపుతున్నాయి నాయనా. ఆ గోడలు వాటంతటవి నిలబడలేదు. నీళ్లు ఆనుకుని నిలబెట్టాయి. ఇన్నేళ్లూ ఈ ఇళ్లను మోసింది నీళ్లే."

గొడుగు మొన దిగబడ్డ పగులు, జానెడు జరిగి ఆగిపోయిన తలుపు, రెండూ ఒక్కసారే గొడుగాయన కళ్ల ముందు మెదిలాయి. పెద్దాయన అడ్డులేకుండా పోవాలి, సరస్సు ఖాళీ చేయడానికి ఒక సాకు కావాలి. ఒక్క బోర్లాపడ్డ పడవతో మేనేజరు రెండూ సంపాదించాడు. గోడలు కూలితే సరస్సు పూడ్చొద్దనేవాళ్లు ఎవరుంటారు? ఆ గోడల అంచునే ఇప్పుడు కాలనీ అంతా పిల్లాపాపలతో నిలబడి ఉంది.

ఇన్‌స్పెక్టరు జీపులోంచి మైకు అందుకున్నాడు. నోటి దాకా తెచ్చి ఆగాడు. మెట్ల మీద కాలనీవాళ్లూ ఉన్నారు, తన కానిస్టేబుళ్లూ ఉన్నారు. వెనక్కి అంటే ఒకళ్లు ఇటు వస్తారు, ఒకళ్లు అటు పోతారు.

"బావా, ఏమని చెప్పమంటావు? ముందుకా, వెనక్కా?"

"రోడ్డు మీదికి రమ్మను" అన్నాడు పెద్దాయన.

పెద్దాయన్నీ కూతుర్నీ గొడుగాయన్నీ ఎక్కించుకుని జీపు సందు సందుకూ తిరిగింది. ఇన్‌స్పెక్టరు గొంతు బొంగురుపోయేలా అరిచాడు. జనం మొదట అర్థంకాక చూశారు, తర్వాత పెద్దాయన బతికే ఉన్నాడన్న మాట పాకింది. ఆయన్ని చూడటానికని మెట్లు వదిలి, ఇళ్లలోంచి దూసుకుని రోడ్డు మీదికి వచ్చారు. ఆ తొందరే వాళ్లను కాపాడింది. ఆఖరి మనిషి ఇవతలకు వచ్చాక జీపు టీచరమ్మ ఇంటి దగ్గర ఆగింది. తెరిచిన గుమ్మంలోంచీ జరగని అద్దం తలుపులోంచీ ఆవిడ ఇంటి మెట్లు కనిపిస్తున్నాయి. పెద్దగా చప్పుడేమీ కాలేదు. ఆ రాతి మెట్లన్నీ ఒక్కటిగా, చెక్కిన అంచులతో సహా, నిదానంగా ముందుకు వంగి బురదలోకి జారిపోయాయి. అద్దం నిలువునా చిట్లింది. టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇందాక గొడుగాయన నిలబడి తలుపు తట్టిన చోటును చూస్తూ ఉండిపోయింది.

"మిగతావి నిలబడతాయా?" అని గొడుగాయన అడిగాడు.

"సాయంత్రం పోటుకు నీళ్లు లోపలికి వస్తే నిలబడతాయి. ఏరు పొంగినప్పుడు తూము తెరిచుంటే చాలు, నీళ్లకు దారి తెలుసు. రాకపోతే రేపటికి ఒక్క ఇల్లూ ఉండదు." పెద్దాయన కూతురు భుజం మీద చెయ్యి వేసుకుని లేచి నిలబడ్డాడు. ఇళ్ల సందులోంచి, ఖాళీ అయిన సరస్సు అవతలి కొసన, ఎండలో తూము కనిపిస్తోంది. దాని మీద ఇనప చక్రం.

ఆయన చూపు అక్కడే ఆగిపోయింది. గొడుగాయన కూడా అటు చూశాడు.

చక్రం తిరుగుతోంది. తూము తలుపు అంగుళం అంగుళమే కిందికి దిగుతోంది.

"చక్రం దగ్గర ఎవర్ని కాపలా పెట్టావు?" అన్నాడు గొడుగాయన.

ఇన్‌స్పెక్టరు చెయ్యి నెమ్మదిగా టోపీ మీదికి వెళ్లింది.

"మేనేజరు గారు తనే చూసుకుంటానన్నారు బావా."